చెయ్యి ఉంది, మనిషి లేడు

2022 చలికాలం. మస్కట్‌లో బౌషర్ దగ్గర ఒక కళ్లద్దాల దుకాణంలో నేను ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. వచ్చినవాళ్లు మమ్మల్ని డాక్టరని పిలుస్తారు గానీ మేం డాక్టర్లం కాము. చూపు కొలుస్తాం, అద్దాలకు పవర్ రాస్తాం, కంట్లో తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపుతాం. కాకినాడ నుంచి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చిన నాకు అప్పటికి ఈ పనిలో పదహారేళ్లు నిండాయి. చూసీ చూసీ, మనిషి కుర్చీలో కూర్చునే తీరును బట్టే ఏ పవర్ రాయాల్సి వస్తుందో చెప్పగలననే ధీమా కూడా వచ్చేసింది.

నేను పరీక్ష చేసే గదికి కిటికీ లేదు. మధ్యలో పేషెంటు కుర్చీ, ఎదురుగా గోడ మీద అక్షరాల చార్టు, కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎడమ పక్కన తలుపు. చూపు కొలిచేటప్పుడు లైట్లు ఆర్పేస్తాను. అప్పుడు వెలుగుతూ ఉండేది చార్టు ఒక్కటే.

శకుంతల గారిది నిజామాబాద్. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు, వయసు యాభై మూడు. భర్త మధుసూదన్ గారు ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఏసీ పనులు చూసే ఇంజినీరు. ఘుబ్రాలో ఉంటారు. డిసెంబరు మొదట్లో ఆవిడకు మొదటిసారి ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించి ఇచ్చాను. వీటిలో పై భాగం దూరానికి, కింది భాగం చదువుకోవడానికి పనికొస్తుంది. రెండు పక్కలా కొంచెం మసక ఉంటుంది కాబట్టి, అలవాటయ్యేదాకా తల తిరిగినట్టుంటుందని చాలామంది చెబుతారు.

స్కూలు సెలవుల్లో భార్యాభర్తలిద్దరూ జోర్డాన్ వెళుతున్నారు. ఫ్రేము ఎంచుకుంటూ ఆవిడ ఎంతో హుషారుగా చెప్పారు. "జెరాష్ అని ఒక ఊరుందట మేడం. రోమన్లు కట్టిన గుడి, రెండు వేల ఏండ్లకు దగ్గర పడుతున్నా గోడలు, స్తంభాలు ఇంక నిలబడే ఉన్నయట. బోర్డు మీద సిలిండర్ గీసీ గీసీ యాష్టకొచ్చింది. రాతి సిలిండర్లు ఎట్ల ఉంటయో కండ్లతోని చూసొస్త."

తిరిగొచ్చిన మర్నాడు, ఆదివారం సాయంత్రం, మళ్లీ వచ్చారు. బయట ఇంకో ముగ్గురు వేచి ఉన్నారు. దుకాణం పద్ధతి ప్రకారం మధుసూదన్ గారు బయట సోఫాలో కూర్చున్నారు, ఆవిడ ఒక్కరే లోపలికి వచ్చారు.

"పక్కలు సరిగ్గ లెవ్వు మేడం," అన్నారు. "తలుపు చెక్కలు తగులుతున్నయ్. చదువుతుంటే లైను మధ్యలకెంచి మొదలైనట్టుంది."

"ప్రోగ్రెసివ్‌కి అలాగే ఉంటుందండీ. రెండు వారాలు ఓపిక పట్టండి. పక్కకు చూడాలంటే కళ్లు కాకుండా తల తిప్పండి." ముక్కు మీది ప్యాడ్లు కొంచెం సర్ది ఇచ్చాను.

ఆవిడ లేచి ఆగారు. "ఇంకోటి గూడ ఉండె..." అని మొదలుపెట్టి, "ఏం లేదు లెండి" అన్నారు. బయటికి వెళుతుంటే ఎడమ భుజం తలుపు చట్రానికి గట్టిగా తగిలింది. అది నేను చూశాను. చూసి కూడా కంప్యూటర్లో 'ప్రోగ్రెసివ్ ఇంకా అలవాటు కాలేదు' అని రాసుకుని తర్వాతి మనిషిని పిలిచాను.

గురువారం నాలుగు గంటలకు మా రిసెప్షనిస్టు మరియం, ఒమానీ అమ్మాయి, లోపలికి వచ్చింది. ఇక్కడ పుట్టి పెరిగిన చాలామందిలాగే తనకూ హిందీ బాగా వచ్చు. "డాక్టర్, ఆ టీచర్ మేడం వచ్చారు. కారు ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి పెట్టారు, ఎడమ వైపు అద్దం విరిగి వేలాడుతోంది. మాట్లాడితే మామూలుగానే ఉన్నారు," అంది. చివరి మాట అనేటప్పుడు గొంతు తగ్గించింది.

శకుంతల గారు నిజంగా మామూలుగానే ఉన్నారు. కుర్చీలో కూర్చుని అద్దాల డబ్బా నా చేతికిచ్చారు. "వాపస్ తీసుకోండి మేడం. పాత పవర్‌తోనే మామూలు అద్దాలు చేసియ్యండి. ఆదివారం స్కూలు తెరుస్తరు, వీటితోని నేను పాఠం చెప్పలేను."

పాత పవర్ ఒకసారి సరిచూద్దామని లైట్లు ఆర్పి చార్టు వెలిగించాను. వరుసకు అయిదు అక్షరాలు. ఆవిడ చదివారు. ప్రతి వరుసలోనూ చివరి రెండు అక్షరాలే చదువుతున్నారు. చిన్న అక్షరాలైనా తడబాటు లేదు. రెండు చెప్పి కింది వరుసకు దిగుతున్నారు.

"వరుసలో ఎన్ని అక్షరాలున్నాయండీ?"

"రెండే కదా మేడం. చార్టు మార్చిండ్రా?"

కుడికన్ను మూసి చదవమన్నాను. చివరి రెండే. ఎడమకన్ను మూసి చదవమన్నాను. మళ్లీ అవే రెండు.

ఇక్కడ చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. లోపం ఒక కంట్లో ఉంటే, ఆ కన్ను మూయగానే అది కూడా పోవాలి. ఏ కన్ను మూసినా ప్రపంచంలో ఒకే సగం మాయమవుతోందంటే, లోపం కళ్లలోనూ లేదు, అద్దాల్లోనూ లేదు. అది కళ్ల వెనక, మెదడులో ఉంది. కాలేజీలో రెండో సంవత్సరంలో నేర్చుకునే సంగతి ఇది. అర నిమిషం పట్టే పరీక్ష. ఆదివారం నేను చేయలేదు.

చార్టు వెలుగులో ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉంది.

"శకుంతల గారూ, ఇలా ఎప్పటినుంచి ఉందండీ? ఆ రోజు ఏదో చెప్పబోయి ఆగారు."

ఆవిడ చార్టు వైపే చూస్తూ అన్నారు. "మీరు నవ్వుతరు."

"నవ్వను."

"మా ఆయన ఎవ్వరికీ చెప్పొద్దన్నడు," అని మొదలుపెట్టారు.

ఆ గుడికి వాళ్లు సాయంత్రం పూట వెళ్లారట. కొండ మీద గాలి విపరీతంగా వీస్తోంది. గైడు ముసలాయన. గుడి ముందు పదకొండు స్తంభాలు నిలబడి ఉన్నాయని, గాలికి అవి కదులుతాయని చెప్పాడు. ఎవరూ నమ్మకపోతే ఒక స్తంభం అడుగున రాళ్ల సందులో చెంచా దూర్చాడు. అందరూ చుట్టూ మూగారు. ఎవరూ ముట్టుకోకుండానే చెంచా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది.

"నేను స్తంభం మీద చెయ్యి పెట్టిన మేడం. మనిషి ఊపిరి తీస్తున్నట్టే ఉండె. అంత పెద్ద రాయి. అప్పుడే తలల ఏదో ఒక్కసారి చల్లగయినట్టయింది. ఆ తర్వాత లెక్కపెట్టిన. ఆరు స్తంభాలు. గైడు పదకొండన్నడు కదా అని మళ్ల లెక్కపెట్టిన. అయిదే. నాకు లెక్క తప్పుతదా చెప్పండి. సరే అని మెట్లెక్కి గుడి లోపలికి పోయి, వెనక్కి తిరిగి చూసిన. అయిదు ఉన్నయ్. కానీ అవి వేరే. ఇంతకుముందు నేను లెక్కపెట్టినవి లెవ్వు. లేనివి వచ్చినయ్."

ఆవిడ గొంతులో వణుకు లేదు. బోర్డు మీద ఒక లెక్కను అంచెలంచెలుగా విప్పుతున్నట్టు చెబుతున్నారు.

"అప్పుడు ఈయన పిలిచిండు. శకుంతలా అని. పక్కకెంచే పిలిచిండు. చూస్తే లేడు. చుట్టూ తిరిగిన. మంది అందరూ ఉన్నరు, ఈయన లేడు. గొంతు మాత్రం వస్తనే ఉంది, ఇక్కడే ఉన్న కదనే, ఇక్కడే ఉన్న కదనే అని. ఎవరో నా చెయ్యి పట్టుకున్నరు. ఆ చెయ్యి నాకెరుకనే కదా మేడం, పాతికేండ్లయె పెండ్లయి. ఆయన చెయ్యే. చెయ్యి ఉంది, మనిషి లేడు."

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. మధుసూదన్ గారు. ట్యాక్సీ దిగి పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నారు. భార్య తనకు చెప్పకుండా కారు తీసుకుని వెళ్లిందని తెలిసి వచ్చారు. ఆవిడ కుర్చీకి ఎడమ పక్కన, రెండడుగుల దూరంలో నిలబడ్డారు. బయటి వెలుగు గదిలో పడింది. నేను తలెత్తి ఆయన్ను చూశాను. ఆవిడ చూడలేదు.

"అప్పటినుంచి ఆయన ఒకోసారి ఉంటడు, ఒకోసారి ఉండడు," ఆవిడ చెబుతూనే ఉన్నారు. "అన్నం తింటుంటే ఉండడు, గ్లాసు చప్పుడైతది. రోడ్డు మీద కార్లు గాలిలకెంచి పుడుతున్నయ్. నాకు భయమైతలేదు మేడం, అదే నాకు విచిత్రం. ఆయనే భయపడుతుండు. నాకు చెప్పడు గని రాత్రుళ్లు ఏడుస్తుండు. మొన్న మంగళవారం షినాస్ దాకా తీస్కపోయి ఎవరి దగ్గర్నో తాయెత్తు కట్టించిండు. అది ఎక్కడో పడిపోయింది. పడిపోయిందంటే ఇంక భయపడుతడని ఆయనకు చెప్పలే."

నల్ల తాడుతో కట్టిన తాయెత్తు ఆవిడ ఎడమ మణికట్టుకే ఉంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మధుసూదన్ గారు ఆ తాడును చూశారు, నన్ను చూశారు. పదహారేళ్లలో ఆ గది నాకు అంత ఇరుకుగా ఎప్పుడూ అనిపించలేదు. ఒక మనిషి పక్కనే నిలబడి తన గురించి తాను వింటున్నాడు. చెబుతున్న మనిషికి ఆయన అక్కడ లేడు.

"శకుంతలా," అన్నాడాయన చివరికి.

ఆవిడ ఉలిక్కిపడి కుడివైపు తిరిగారు. అటు గోడే ఉంది. ఆ గోడను పైనుంచి కిందిదాకా చూసి, నా వైపు కొంచెం వంగి, మెల్లగా అన్నారు. "విన్నరా మేడం? గిట్లనే వస్తది."

ఆ మాటతో నాకు తెలివొచ్చింది. లేచి మధుసూదన్ గారి మోచెయ్యి పట్టుకుని, ఆవిడ ముందు నుంచి నెమ్మదిగా కుడివైపుకు నడిపించాను. ఆవిడ ముక్కుకు ఎదురుగా వచ్చేదాకా ఆ చూపులో ఏమీ లేదు. అక్కడి నుంచి ఒక్క అడుగు వేయగానే ఆవిడ కుర్చీలో వెనక్కి ఒదిగిపోయారు.

"మీరెప్పుడొచ్చిండ్రు?"

"ఇప్పుడే," అన్నాడాయన. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకావట్లేదు.

అనుమానం తీరడానికి ఆయన ఫోనులో గుడి దగ్గర దిగిన ఫొటో ఒకటి తీయమన్నాను. స్తంభాల ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఫొటోలో ఎడమవైపు ఆయన, కుడివైపు ఆవిడ. ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకుని ఎవరున్నారని అడిగాను.

"నేనే. ఒక్కదాన్నే."

ఫోనును తలకిందులుగా తిప్పాను. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఇప్పుడు ఆయన ఉన్నడు," అన్నారు. ఆ తర్వాత, అంతసేపట్లో మొదటిసారి గొంతు వణికింది. "నేనేది?"

నేను ఆవిడ ఎడమచేతిని ఎత్తి ముఖం ముందు నుంచి కుడివైపుకు తెచ్చాను. తాయెత్తును చూసి రెండో చేత్తో తాకారు. "ఇది ఇక్కడికెట్లొచ్చింది?" అన్నారు.

ఇక ఆలస్యం చేయలేదు. లైట్లు వేసి, ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాపి, ఒకోసారి ఒక చేతి వేళ్లు ఆడిస్తూ కనబడుతున్నాయా అని అడిగాను. దీన్ని కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ అంటారు. యంత్రం అక్కర్లేదు, పేషెంటు ఎదుట ఒక మనిషి ఉంటే చాలు. ఆవిడకు ఎడమ సగం పూర్తిగా పోయింది. దీనికి హోమోనిమస్ హెమియనోపియా అని పేరు. రెండు కళ్లలోనూ ఒకే పక్క చూపు పోవడం. ఆవిడ విషయంలో ఇంకో సంగతి కూడా కలిసింది. ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే పోయింది. దాన్ని నెగ్లెక్ట్ అంటారు. హఠాత్తుగా ఇలా జరిగిందంటే ముందు అనుమానించాల్సింది మెదడులో రక్తం గడ్డకట్టడాన్ని.

"మేడం, ఇది గాలి సోకిన బాపతు కాదా?" మధుసూదన్ గారు మెల్లగా అడిగారు.

"స్ట్రోక్ అనుకుంటున్నానండీ. మనం ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. నా కారులోనే."

ఆసుపత్రి డాక్టరుకు ఉత్తరం రాసి, మరియంకు చెప్పి బయలుదేరాం. శకుంతల గారిని ముందు సీట్లో కూర్చోబెట్టి మధుసూదన్ గారు వెనక కూర్చున్నారు. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మొదటి సిగ్నల్ దాటాక ఆవిడ ముందుకు చూస్తూనే అడిగారు.

"కారు ఎవరు నడుపుతున్నరు?"

"నేనేనండీ."

"మేడం గొంతు వస్తుంది," అని వెనక్కి తిరగకుండానే భర్తతో అన్నారు. "మీకు కనబడుతుందా?"

"కనబడుతుంది," అన్నాడాయన. "ఇక్కడే ఉన్నది. నువ్వు ఫికర్ పడకు."

ఆసుపత్రి చేరడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆవిడ డ్రైవరు లేని కారులో, తనకు కనబడని మనిషి మాట మీద నమ్మకంతో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నేను స్టీరింగు పట్టుకున్న నా చేతుల వైపు రెండు మూడుసార్లు చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానంటే చెప్పలేను.

ఎంఆర్ఐలో మెదడు కుడి భాగానికి వెళ్లే రక్తనాళంలో గడ్డ కనబడింది. అది జరిగి వారమైంది. ఈసీజీ తీస్తే గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలింది. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె అలా అదిరినప్పుడు రక్తం లోపలే నిలిచి చిన్న గడ్డలు కడుతుంది, అవి పైకి ఎగదన్ని మెదడులో చిక్కుకుంటాయి. గుండె స్కానులో ఇంకో గడ్డ తయారై ఉంది. అది ఏ గంటలోనైనా కదలొచ్చని న్యూరాలజిస్టు అన్నాడు. వెంటనే రక్తం గడ్డకట్టకుండా మందులు మొదలుపెట్టారు.

ఆవిడను వార్డులోకి తీసుకెళ్లాక మేమిద్దరం కారిడార్‌లో నిలబడ్డాం. నాకు చెప్పక తప్పలేదు.

"సార్, ఆదివారమే నేను ఇది పట్టుకోవాల్సింది. లైను మధ్యలోనుంచి మొదలవుతోందని ఆవిడ నోటితో చెప్పారు. తలుపుకి తగలడం చూశాను. అయినా అద్దాలదే అనుకున్నాను. నాలుగు రోజులు నా వల్ల పోయాయి."

ఆయన గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, వచ్చినా న్యాయమే. తల ఎత్తకుండానే అన్నాడు. "నాకు జోర్డాన్‌లనే తెలుసు మేడం, ఏదో అయిందని. హోటల్లో ప్లేట్ల సగం అన్నం అట్లనే పెట్టి, ఇంక పెట్టమన్నది. ప్లేటు తిప్పితే ఆ సగం తిన్నది. నేను ఇంజినీరును. అయినా డాక్టర్ దగ్గరికి తోల్కపోలే. దయ్యమైతే తాయెత్తుతోని పోతది, మెదడు అయితే పోదు కదా అని. దయ్యమే కావాలని కోరుకున్న మేడం."

నర్సు వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాం.

మందులతో రెండో గడ్డ కరిగిపోయింది. నెగ్లెక్ట్ నెల రోజుల్లో తగ్గింది. భర్త ఎడమవైపు నిలబడి పిలిస్తే ఆవిడ ఎడమవైపే తిరగడం మొదలుపెట్టారు. చూపు మాత్రం పూర్తిగా రాలేదు. మూడు నెలలకు ఫీల్డ్ టెస్ట్ చేశాను. చుక్కలు చుక్కలుగా వెలుతురు చూపించి, కనబడినప్పుడల్లా బటన్ నొక్కించే యంత్రం అది. ఎడమవైపు పై భాగం చాలావరకు తిరిగొచ్చింది, కింది భాగం కాగితం మీద ఇంకా నల్లగానే ఉంది. డ్రైవింగ్ మానేశారు. పుస్తకం చదివేటప్పుడు పేజీ ఎడమ అంచున ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకుంటారు. ఆ గీత కనబడేదాకా కన్ను వెనక్కి తెచ్చి, అక్కడినుంచి లైను మొదలుపెడతారు. అలాగే మళ్లీ స్కూలుకు వెళ్లారు.

ఆ రోజు పరీక్ష అయ్యాక ఆవిడ్ని ఒక ప్రశ్న అడిగాను. పుస్తకాల్లో చదివిందే, అయినా అనుభవించినవాళ్ల నోట వినాలనిపించింది.

"ఆ ఎడమ సగంలో ఏం కనబడేదండీ? నల్లగా ఉండేదా?"

"నల్లగా ఉంటే నాకే తెలిసేది కదా మేడం. నలుపు లేదు, ఖాళీ లేదు. అంతా నిండుగనే ఉండె. ఆ అయిదు స్తంభాలతోని గుడి పూర్తిగనే ఉండె. ఇప్పటికీ కండ్లు మూసుకుంటే నాకు అట్లనే గుర్తొస్తది. ఫొటోల మిగిలినయి చూసిన. కానీ నేను చూసిన గుడి అది కాదు." అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. "అవు గని, ఆదివారం నాడు మీరు నా కండ్లు ఒక్కొక్కటి మూసి చూడలేదు కదా?"

ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. "లేదండీ."

"ఎందుకు చూడలేదు?"

"ప్రోగ్రెసివ్ అనగానే జవాబు తెలిసిపోయిందనుకున్నాను."

ఆవిడ తల ఊపారు. కోపం లేదు, అలాగని మెత్తదనమూ లేదు. తరగతిలో కూడా ఇలాగే ఉంటారేమో. "మా పిల్లలు గూడ గంతే మేడం. లెక్క మొత్తం చదవకముందే జవాబు రాస్తరు. ఒకోసారి కరెక్టే అయితది. అదే వాళ్లను చెడగొడుతది."

నన్ను చెడగొట్టింది కూడా అదే. పదహారేళ్లలో వందసార్లు ఆ జవాబు సరిపోయింది.

ఈ కేసు తర్వాత నేను రెండు పనులు మార్చుకున్నాను. ఎవరు ఏ మామూలు కారణంతో వచ్చినా, ముందు ఒక్కో కన్ను మూయించి చూస్తాను. అర నిమిషమే. రెండోది దుకాణం మేనేజరుతో వాదించి సాధించుకున్నది. వచ్చిన మనిషి వెంట ఎవరున్నా వాళ్లను గదిలోకి పిలుస్తాను. తనకు కనబడనిది ఏమిటో ఆ మనిషి చెప్పలేడు. అతనికి ప్రపంచం నిండుగానే ఉంటుంది. పక్కన ఉన్నవాళ్లకు తెలుస్తుంది, కానీ వాళ్లను అడిగేవాళ్లు ఉండాలి. మధుసూదన్ గారిలా భయంతో నోరు మూసుకున్నవాళ్లను అయితే రెండుసార్లు అడగాలి.

వెంట ఎవరూ లేకుండా వచ్చేవాళ్లు ఇక్కడ చాలామంది. పోయిన నెల ఇబ్రా దగ్గర సైట్‌లో పనిచేసే జగిత్యాల అతను వచ్చాడు. సుమారు నలభై ఏళ్లు. కళ్లు లాగుతున్నాయి, అద్దాలు రాసిస్తే చాలు, పొద్దున డ్యూటీకి పోవాలన్నాడు.

"రూమ్‌లో నీ పక్క మంచం ఎవరిది?"

"సీనుగానిది మేడం. ఎందుకు?"

"అతనికి ఫోన్ కలుపు."

విచిత్రంగా చూసి, కలిపి ఇచ్చాడు. ఈ మధ్య మీవాడిలో నువ్వు ఏం గమనించావని అడిగాను. సీను మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం ఆపి చెప్పడం మొదలుపెట్టాడు. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ బల్ల మీద పెట్టాను. అయిదు నిమిషాలు చెప్పాడు. నా ఎదురుగా కూర్చున్న మనిషి, అరచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని, అవన్నీ తన గురించేనా అన్నట్టు ఫోన్ వైపే చూస్తూ విన్నాడు.